ఋణము : డేనియల్ ఇనౌయె జీవితము



రజతోత్సవ సభలలో సాధారణముగా మన దేశపు మహనీయుల చరిత్రలు వినిపింపబడును. నేడు ఈ సభకు ఎన్నుకొనబడినది పసిఫిక్ మహాసముద్రము నడుమ హవాయి ద్వీపములలో పుట్టిన యొక కూలివాని మనుమని చరిత్ర. వంశము జపానుది, పౌరసత్వము అమెరికాది, యుద్ధము మిగిల్చినది ఒక్క చేయి. ఆ ఒంటిచేతితో 1959 మొదలు 2012 వరకు ఏబదిమూడేండ్లు అమెరికా కాంగ్రెసునందు నిలిచిన డేనియల్ కెన్ ఇనౌయె కథ యిది. ఈ కథ యొక అప్పుతో ఆరంభమగుచున్నది.

జపానులో ఫుకువోకా ప్రాంతమున యొకొయామా యను పల్లె కలదు. పందొమ్మిదవ శతాబ్దము ముగియు దినములలో ఇనౌయె వంశమువారి యింట నిప్పంటుకొని ఇరుగుపొరుగు ఇండ్లకు ప్రాకెను. నిప్పు తమ యింట పుట్టినది గనుక నష్టము తామే యిచ్చుకొనవలెనని ఆ కుటుంబము ఒప్పుకొనెను. లెక్క చూడగా అమెరికా నాణెములో అది సుమారు 400 డాలర్లు. పల్లెటూరి కాపునకు అది కొండంత మొత్తము. అప్పు తీర్చు మార్గము సముద్రమున కావల కనబడెను. ఆ యింటి కొడుకు అసాకిచి 1899లో భార్యను, నాలుగేండ్ల కుమారుడగు హ్యోతారోను వెంటబెట్టుకొని హవాయి చెఱకుతోటలలో కూలికి కుదిరెను. చెఱకుతోటల కూలిబ్రతుకు తెలుగువారికి తెలియనిది కాదు. మారిషసునకును, నేటాలునకును, ఫిజీకిని ఓడలెక్కి వెళ్లిన మనవారి వంశములు నేటికిని అచ్చట నున్నవి. అందఱివలెనే అసాకిచియు అప్పు తీర్చి యింటికి మరలిపోవచ్చునని తలచెను. కూలి డబ్బులలో మిగిలినదెల్ల పల్లెకు పంపుచుండగా, ఆ ఋణము తీరుటకు ఇంచుమించు ముప్పది యేండ్లు పట్టెను. అప్పటికి కొడుకు పెద్దవాడై, హొనొలూలూలో స్థిరపడి, పెండ్లాడి, బిడ్డలను గనియుండెను. మరలిపోవుటకు పల్లె యున్నదిగాని పోవుటకు మనస్సు లేదు.

ఆ హ్యోతారోకును, అతని భార్య కామెకును జ్యేష్ఠపుత్రుడుగా డేనియల్ 1924 సెప్టెంబరు 7వ తేదీన జన్మించెను. ఇచట నొక విషయమును గమనింపవలెను. ఆనాటి అమెరికా చట్టము జపానులో పుట్టినవారికి పౌరసత్వమిచ్చెడిది కాదు. ఆ నిషేధము 1952 వరకు తొలగలేదు. ఎన్ని యేండ్లు చెమటోడ్చినను తాత పరదేశియే. నాలుగేండ్ల ప్రాయమున వచ్చి అచ్చటనే చదివి పెరిగిన తండ్రియు పరదేశియే. అమెరికా గడ్డపై పుట్టిన పిల్లవాడు మాత్రము పుట్టుకతోనే పౌరుడు. ఒకే పీటపై కూర్చుండి భోజనము చేయు మూడు తరములలో ఒక్క తరమునకే ఆ దేశము తనదని చెప్పుకొను హక్కుండెను.

బాల్యమున అతని చేయి విఱుగగా ఒక శస్త్రవైద్యుడు చక్కగా బాగుచేసెను. ఆనాటినుండి తానును అట్టి వైద్యుడు కావలెనని పిల్లవాని కోరిక. ఉన్నతపాఠశాలలో చదువుచునే రెడ్‌క్రాస్‌వారి ప్రథమచికిత్స నేర్చుకొనెను. ఆ విద్య యక్కఱకు వచ్చు దినము త్వరలోనే వచ్చెను.

1941 డిసెంబరు 7వ తేదీ ఆదివారము. కుటుంబము చర్చికి బయలుదేరు వేళ, పెరల్ హార్బరుపై బాంబులు పడుచున్నవని రేడియో చెప్పెను. పదునేడేండ్ల డేనియల్ తండ్రితో వెలుపలికి వచ్చి చూచెను. తలపై విమానములు, రెక్కలపై ఎఱ్ఱని సూర్యబింబము. తన ముఖమువంటి ముఖమే ఆ విమానము నడుపువానిదియు నని ఆ క్షణముననే అతనికి తోచినది. తన ప్రపంచము తలక్రిందులైనదని అతడు తరువాత చెప్పుకొనెను. వెంటనే చికిత్సాకేంద్రమునకు పరుగెత్తి, గాయపడినవారికి కట్లుకట్టుచు, చచ్చినవారిని మోయుచు, అనేక దినములు ఇల్లు ముట్టలేదు.

తరువాతి కథ అమెరికా తన చరిత్రలో చెప్పుకొనుటకు సిగ్గుపడు కథ. 1942 ఫిబ్రవరి 19వ తేదీన అధ్యక్షుడు రూజ్‌వెల్టు చేసిన యాజ్ఞతో పడమటి తీరపు జపాను వంశీయులు, ముసలి ముతకతో, చంటిబిడ్డలతో సహా, ముండ్లతీగెల నడుమ శిబిరములకు తరలింపబడిరి. మొత్తము సుమారు 1,20,000 మంది. వారిలో మూడింట రెండువంతులు అమెరికాలో పుట్టిన పౌరులు. ఒక్కరిపైనను నేరారోపణ లేదు, విచారణ లేదు. హవాయిలో మాత్రము అట్టి సామూహిక నిర్బంధము జరుగలేదు. దానికి కారణము దయ కాదు. ద్వీపముల జనాభాలో మూడవవంతునకు పైగా జపాను వంశీయులే యుండిరి. వారినందఱ బంధించినచో తోటలలో పని చేయువారెవరు, రేవులలో బరువులెత్తువారెవరు? అయినను వారి యువకులు సైన్యమునకు పనికిరానివారుగా, శత్రుదేశీయుల తరగతిలో వ్రాయబడిరి. దేశము తనదని చెప్పుకొనగల యొక్క తరమునుగూడ ఆ దేశము కాదనెను.

1943 ఆరంభమున సైన్యాధికారుల మనస్సు మాఱినది. జపాను వంశీయులతోనే యొక ప్రత్యేక దళము నిర్మింపనెంచి, హవాయినుండి 1,500 మంది కావలెనని పిలిచిరి. సుమారు 10,000 మంది ముందుకు వచ్చిరి. ఇనౌయె అప్పటికి హవాయి విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకు వలసిన తరగతులలో చేరియుండెను. చదువును, చికిత్సాకేంద్రపు కొలువును వదలుకొని సైన్యమున చేరెను. సాగనంపుటకు వచ్చిన తండ్రి ఎక్కువ మాటలాడలేదు. ఈ దేశము మనకు మేలు చేసినది, దానికి మనము ఋణపడియున్నాము, వంశమునకు మచ్చ తేవద్దు, చావవలసివచ్చిన గౌరవముతో చావుమని మాత్రము చెప్పెనని కొడుకు తన జీవితకథలో వ్రాసికొనెను. పౌరసత్వము నొందనర్హుడని చట్టము త్రోసివేసిన యొక మనుష్యుడు అదే దేశమునకు తన జ్యేష్ఠపుత్రు నప్పగించుచు పలికిన మాటలవి. ఇట్టి ఋణము ఏ ఖాతాలో వ్రాసినను లెక్క కుదురదు.

442వ దళమను పేరుగల ఆ సైన్యమునకు మిసిసిపీలోని షెల్బీ శిబిరమున శిక్షణము జరిగెను. అచ్చట మొదట జరిగినది శత్రువుతో యుద్ధము కాదు. తమలో తమకు కొట్లాట. హవాయి కుఱ్ఱవాండ్రు పొగరుబోతులు; చేతిలో డబ్బున్నంతసేపు ఆడుచు పాడుచు ఖర్చుపెట్టువారు. ప్రధాన భూభాగమునుండి వచ్చినవారు మితభాషులు. జీతములో చాల భాగము ఎచ్చటికో పంపుచుండిరి. ఒకరి భాష ఒకరికి వెక్కిరింత. ముష్టియుద్ధములతో దళము చీలిపోవు స్థితికి వచ్చెను.

అప్పుడు అధికారులు హవాయి సైనికులలో కొందఱను ఆర్కన్సాలోని రోవర్ అను చోటికి పంపిరి. అచ్చట జపాను కుటుంబములు కలవని, విందు వినోదము లుండునని మాత్రమే వారికి తెలుసు. క్షౌరము చేయించుకొని, తంత్రీవాద్యములు వాయించుకొనుచు, ఉల్లాసముతో బయలుదేరిరి. మలుపు తిరుగగానే వరుసలు వరుసలుగా చెక్కగుడిసెలు, చుట్టును ముండ్లతీగె, కావలి గోపురములు కనబడెను. గోపురములపై మరతుపాకులు, వాని గురి లోపలివైపునకు. కావలివారు ధరించినదియు తాము ధరించిన యూనిఫారమే. లోపలనున్నవారు తమ తోడి సైనికుల తలిదండ్రులు, అక్కచెల్లెండ్రు. ఆ కుటుంబములు తమకిచ్చు కొలదిపాటి తిండిలో మిగుల్చుకొని అతిథులకు విందుచేసిరి. తమ పడకలనుగూడ ఇయ్యబోగా సైనికులు వలదని బండ్లలోనే పండుకొనిరి. తిరుగుదారిలో వాద్యములు మ్రోగలేదు. ఎవరును నోరు విప్పలేదు. ప్రతివాని మనస్సున ఒక్కటే ప్రశ్న యున్నదని ఇనౌయె తరువాత పలుమారులు చెప్పెను. నన్నును, నా తల్లిని ఇట్లు బంధించియుండిన, నేను స్వచ్ఛందముగా సైన్యమున చేరియుందునా? తాను చేరియుందునని రూఢిగా చెప్పలేకపోవుచున్నాననియు అతడొప్పుకొనెను. శౌర్యపతకములు ధరించినవాని నోట ఈ మాట వచ్చుట చిన్న విషయము కాదు. ఆ దినమునుండి శిబిరమున కొట్లాటలు ఆగెను.

442వ దళము 1944లో ఇటలీకి చేరెను. ఆ యేటి అక్టోబరులో ఫ్రాన్సునందలి వోజ్ పర్వతారణ్యములలో టెక్సాసువారి పటాలమొకటి జర్మనులచేత చుట్టుముట్టబడగా, దానిని విడిపించు భారము వీరిపై పడెను. విడిపింపబడినవారు 211 మంది. దానికై వీరిలో చచ్చినవారును గాయపడినవారును కలిసి సుమారు 800 మంది. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి వ్యాఖ్యానమక్కఱలేదు. ఫ్రాన్సులోనే ఇనౌయె సామాన్య సైనికుని స్థాయినుండి లెఫ్టెనెంటయ్యెను. అచ్చట ఒక గుండు అతని రొమ్మునకు తగిలి, చొక్కాజేబులోని రెండు వెండి డాలర్లవలన ప్రాణము దక్కెను. ఆ నాణెములను రక్షరేకువలె దాచుకొనెను గాని, చివరి యుద్ధమునకు ముందు పోగొట్టుకొనెను.

ఆ చివరి యుద్ధము 1945 ఏప్రిల్ 21వ తేదీన ఇటలీలోని టస్కనీలో, సాన్ తెరెంజో గ్రామ సమీపమున, కోల్లె ముసతెల్లో యను కొండగట్టుపై జరిగెను. మూడు మరతుపాకులు ఎదుటనుండి కాల్చుచుండెను. తన తుకడీని నడిపించుచున్న ఇనౌయె పొట్టలో గుండు దూరెను. అయినను ప్రాకుచు పోయి మొదటి తుపాకిని, తరువాత రెండవదానిని ధ్వంసము చేసెను. మూడవదానిపై చేతిబాంబు విసరుటకు కుడిచేయి వెనుకకు ఎత్తిన క్షణమున జర్మనుల బాంబు మోచేతికి తగిలి చేయి ఇంచుమించు తెగి వ్రేలాడెను. ఆ పిడికిలిలో మీట వదలిన బాంబున్నది. పిడికిలి తనది కాదు. సహాయమునకు వచ్చువారిని దూరముగా ఉండుడని కేకవేసి, ఎడమచేతితో ఆ వ్రేళ్లనుండి బాంబును ఊడబెరికి విసరెను. మూడవ తుపాకియు ఆగెను. పిమ్మట ఎడమచేతితోనే తుపాకి కాల్చుచు సాగి, కాలికి గుండు తగిలి క్రిందికి దొర్లెను. స్పృహ వచ్చి, చుట్టును మూగిన తనవారిని చూచి, యుద్ధము ఆగిపోయినదని మీ కెవరు చెప్పిరి, స్థానములకు పొండని గద్దించెనట. ఇటలీలోని జర్మను సైన్యము లొంగిపోయినది మే 2వ తేదీన. పదునొకండు దినములు గడచియుండిన ఆ చేయి దక్కియుండెడిది.

ఆసుపత్రిలో అతనికి పదునేడు మార్లు రక్తమెక్కించిరి. ఆ రక్తపు సీసాలపై ఇచ్చినవారి దళము పేరు వ్రాసియుండెననియు, అది నల్లవారి 92వ డివిజననియు అతడు చెప్పుచుండెడివాడు. ఆనాటి అమెరికా సైన్యమున నల్లవారు తెల్లవారితో కలిసి భోజనము చేయరాదు, కలిసి పండుకొనరాదు. జపాను బిడ్డకు ప్రాణము పోసినది ఆ రక్తము. తండ్రి చెప్పిన ఋణముల పట్టికలో మఱియొకటి చేరెను.

కుడిచేయి పోవుటతో శస్త్రవైద్యుడగు కోరికయు పోయెను. మిషిగన్ రాష్ట్రములోని బాటిల్ క్రీక్ సైనిక వైద్యశాలలో అగ్గిపుల్ల గీయుట మొదలు సమస్తము ఎడమచేతితో నేర్చుకొనవలసివచ్చెను. అచ్చట పరిచయమైనవాడు కాన్సాసు యువకుడు రాబర్ట్ డోల్. ఇనౌయెకు వారము దినముల ముందు, అదే ఇటలీలో గాయపడి, అతని కుడిచేయి చచ్చుపడిపోయెను. ఇకమీద ఏమి చేయుదువని ఇనౌయె అడుగగా, న్యాయశాస్త్రము చదివి, రాష్ట్ర శాసనసభకు, అచ్చటినుండి కాంగ్రెసుకు పోదునని డోల్ చెప్పెను. ఇదేమియో బాగున్నదని ఇనౌయెకు తోచినది. సలహా యిచ్చినవానికంటె పుచ్చుకొన్నవాడే ముందుగా కాంగ్రెసునకు చేరెను.

ఇంటికి మరలు దారిలో, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతమున, పూర్తి యూనిఫారముతో, రొమ్మున పతకములతో, కుడిచేతికి బదులు ఇనుపకొక్కెముతో అతడొక మంగలిదుకాణమున అడుగుపెట్టెను. జపానువారికి ఇచ్చట క్షౌరము చేయమని దుకాణదారు చెప్పెను. ఆ మనుష్యుని మీద జాలిపడి వెలుపలికి వచ్చితినని ఇనౌయె తరువాత చెప్పెను. అయితే ఆ సంఘటనను అతడెన్నడును మరువలేదు, ఎదుటివారిని మరువనియ్యలేదు.

సైనికులకు ప్రభుత్వమిచ్చిన విద్యాసహాయముతో హవాయిలో పట్టభద్రుడై, వాషింగ్టనులో న్యాయశాస్త్రము ముగించెను. 1949లో మార్గరెట్ అవమురాను వివాహమాడెను. ఆనాటి హవాయిలో భూమి, పంచదార, ఓడలు, బ్యాంకులు ఐదు పెద్ద వర్తకసంస్థల గుప్పిట నుండెను; రాజకీయము వారి పెరటిచెట్టు. పూర్వము పోలీసు ఉద్యోగియైన జాన్ బర్న్స్ ఈ యుద్ధవీరులను చేరదీసి డెమొక్రాటిక్ పక్షమును పునర్నిర్మించెను. 1954 ఎన్నికలలో ఆ పక్షము ప్రాంతీయ శాసనసభను గెలిచెను. గెలిచినవారిలో ఇనౌయె యొకడు. కూలివారి కొడుకులు దొరల కుర్చీలలో కూర్చుండిరి. మీరు కమ్యూనిస్టులకు లోబడినవారని ప్రతిపక్షులు నిందింపగా, ఇనౌయె తన ఖాళీ చొక్కాచేతిని చూపి, ఒక చేయి ఫాసిస్టులతో పోరాడి యిచ్చితిని, దేశమడిగిన రెండవదియు ఇత్తుననెను. ఆ నింద అంతటితో అణగిపోయెను.

హవాయి 1959 ఆగస్టు 21వ తేదీన అమెరికాలో 50వ రాష్ట్రమయ్యెను. ఆ రాష్ట్రపు మొదటి ప్రతినిధిగా ఇనౌయె ఆగస్టు 24వ తేదీన ప్రతినిధుల సభలో నిలిచెను. కుడిచేయి యెత్తి ప్రమాణము చేయుమని సభాపతి శామ్ రేబర్న్ అలవాటు చొప్పున పలికెను. ఎత్తుటకు కుడిచేయి లేదు. ఎడమచేయి లేచెను. సభ నిశ్శబ్దమయ్యెను. ఆ సభలో అడుగిడిన మొదటి జపాను వంశీయుడతడే. ఆసియా వంశీయులలో మొదటివాడు మాత్రము మనవాడు. పంజాబునుండి వెళ్లి కాలిఫోర్నియాలో వ్యవసాయము చేసిన దలీప్ సింగ్ సౌంద్ 1957లోనే ఆ సభలో చేరియుండెను. ఇనౌయె ప్రమాణము చేసిననాడు ఆయనయు ఆ సభలో సభ్యుడే.

1962లో సెనేటునకు ఎన్నికై, తుదివరకును ఇనౌయె ఓడిపోలేదు. 1973లో అధ్యక్షుడు నిక్సను కాలపు వాటర్‌గేట్ అక్రమములను విచారించిన సంఘమున అతడు సభ్యుడు. ముప్పదియేండ్లు గడచినను, పతకములు ఎన్ని యున్నను, ఆ విచారణలో నిక్సను అనుచరుల న్యాయవాది యొకడు అతనిని జాతిపేరుతో హీనముగా పలికెను. 1987లో ఇరాన్ ఆయుధముల వ్యవహారమును విచారించిన సెనేటు సంఘమునకు అతడే అధ్యక్షుడు. ఎత్తిన గొంతుతో మాట్లాడుట అతని స్వభావము కాదు.

అతని జీవితములో అన్నిటికంటె విలువైన పని శిబిరముల విషయమున జరిగినది. తన కుటుంబము ఆ శిబిరములలో లేదు. నష్టపరిహారము కావలెనని జపాను వంశీయుల సంఘమువారు వచ్చినప్పుడు, ముందు విచారణసంఘమును అడుగుడు, జరిగినదేమో దేశమునకు తెలియనిండని అతడు సలహా చెప్పెను. ధనమునకు ముందు సత్యము కావలెనని తాత్పర్యము. కొందఱకు ఇది కాలయాపనగా తోచి కోపము తెప్పించెను. 1980లో సంఘమేర్పడెను. 750కి పైగా సాక్షులు పలికిరి. నలుబదియేండ్లు బిడ్డలకుగూడ చెప్పక దాచుకొనిన మాటలు బయటికి వచ్చెను. జాతిద్వేషము, యుద్ధోన్మాదము, నాయకుల వైఫల్యము తప్ప ఆ నిర్బంధమునకు వేఱు కారణము లేదని 1983లో సంఘము తేల్చెను. సెనేటులో బిల్లును భుజములపై మోసినవాడు హవాయి రెండవ సెనేటరు, మఱియొక యుద్ధవీరుడు స్పార్క్ మత్సునాగా. 1988 ఆగస్టు 10వ తేదీన అధ్యక్షుడు రీగన్ సంతకము చేసెను. బ్రతికియున్న ప్రతి బాధితునకు క్షమాపణ, 20,000 డాలర్లు. అయితే చట్టము వచ్చినను సొమ్ము రాలేదు. ముసలివారు ఒక్కొక్కరు రాలిపోవుచుండిరి. ఏటేట బడ్జెట్టులో బిచ్చమెత్తు పని లేకుండ, ప్రభుత్వము తప్పక చెల్లింపవలసిన బాకీగా దానిని 1989లో మార్పించినవాడు ఇనౌయె. 1990 అక్టోబరులో మొదటి చెక్కులు అందఱికంటె వృద్ధులైనవారికి అందెను. మొత్తము 82,000 మందికి పైగా పుచ్చుకొనిరి.

దేశమునకు పౌరుడు ఋణపడియుండుననుట తండ్రి నేర్పిన పాఠము. పౌరునకు దేశమును ఋణపడియుండుననుట కొడుకు చేర్చిన పాఠము. అతని యితర కార్యములనుగూడ ఈ దృష్టితో చూచిన సులభముగా బోధపడును. అమెరికా ఆదిమజాతుల విషయముల సంఘమునకు అధ్యక్షుడై, వారి చరిత్రకు జాతీయ ప్రదర్శనశాల నేర్పరచు చట్టమును 1989లో సాధించెను. హవాయి రాణిని 1893లో పదభ్రష్టురాలిని చేసినందుకు నూఱేండ్ల పిమ్మట కాంగ్రెసు క్షమాపణ చెప్పిన తీర్మానమున అతని చేయి కలదు. రెండవ యుద్ధమున అమెరికా పతాకము క్రింద పోరాడిన ఫిలిప్పీను సైనికులకు రావలసినదానిని 1946లో కాంగ్రెసు ఎగవేసెను. 2009లో అతడు వృద్ధులైన ఆ సైనికులకు, అమెరికా పౌరులైనవారికి 15,000, కానివారికి 9,000 డాలర్ల చొప్పున ఇప్పించెను. పౌరునకును పరదేశికిని నడుమ ఆ తేడా అప్పటికిని పోలేదు.

దోషములు లేని రాజకీయజీవితము కాదు. వియత్నాము యుద్ధమున చాలకాలము ప్రభుత్వమును సమర్థించెను. ధనవినియోగ సంఘమున తన పలుకుబడితో హవాయికి నిధులు కుమ్మరించెనని విమర్శకులు నిందించిరి. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. అతడు దానిని దాచనులేదు, సిగ్గుపడనులేదు. అయితే 1991లో ఇరాకుపై యుద్ధమునకు అనుమతి యడిగినప్పుడును, 2002లో మరల అడిగినప్పుడును కాదని ఓటు వేసెను. తెగిన చేతి వెల తెలిసినవాడు గనుక ఆ ఓటునకు బరువుండెను.

యుద్ధకాలమున ఇయ్యదగిన అత్యున్నత పతకము జాతివివక్షవలన ఆసియా వంశీయులకు తప్పిపోయినదను శంకతో పాత దస్త్రములు తిరుగవేయగా, 2000 జూన్ 21వ తేదీన అధ్యక్షుడు క్లింటన్ 22 మందికి ఆ పతకమును ప్రదానము చేసెను. అందులో ఇనౌయె యొకడు. ఏబదియైదేండ్ల ఆలస్యము. పుచ్చుకొనుటకు బ్రతికియున్నవారు కొందఱే.

2010లో సెనేటులో అందఱికంటె ఎక్కువకాలము సభ్యుడైనవాడుగా తాత్కాలికాధ్యక్షుడయ్యెను. అమెరికా అధ్యక్షపదవికి వారసులలో అది మూడవ స్థానము. 2012 డిసెంబరు 17వ తేదీన 88వ యేట మరణించెను. అతని చివరిమాట హవాయివారు పలకరింపునకును వీడ్కోలునకును వాడు ఆలోహా యను మాట.

డిసెంబరు 20వ తేదీన అతని శరీరమును రాజధానిలోని కాపిటల్ భవనపు గుమ్మటము క్రింద ఉంచిరి. 89 యేండ్ల రాబర్ట్ డోల్ చక్రముల కుర్చీలో అచ్చటికి వచ్చెను. కుర్చీలో కూర్చున్న తనను డానీ చూడరాదని చెప్పి, ఒకరి ఆసరాతో లేచి, ఒక్కొక్క యడుగే వేయుచు శవపేటికను సమీపించి, చచ్చుపడిన కుడిచేయి లేవదు గనుక ఎడమచేతితో సైనిక వందనము చేసెను. పిమ్మట ఇనౌయెను హొనొలూలూకు కొనిపోయి, పంచ్‌బౌల్ అను సైనికశ్మశానమున సమాధి చేసిరి. 442వ దళమువారు ఎందఱో అచ్చటనే యున్నారు.